ఆయిల్ ఇంజనుకు ఏ పానాలు కొనాలి? డీజిల్ పంపుసెట్టు వాడే రైతులకు సూచనలు

జైనూర్, సిర్పూర్ (యు), లింగాపూర్, కెరమెరి మండలాల్లో ఎక్కువ భాగం వర్షాధార సేద్యమే. నల్లరేగడిలో పత్తి, కంది, సోయా వేస్తారు. చెలక నేలల్లో జొన్న. వానలు పదిహేను ఇరవై రోజులు మొహం చాటేసిన సమయంలో పత్తి పూత, కాయ మీద ఉంటే ఒక్క తడి ఇచ్చినా పంట నిలబడుతుంది. కరెంటు లైను అందని చేలకు ఆ ఒక్క తడి వాగులోంచి ఎత్తి పోసేది ఆయిల్ ఇంజనే. ఏడాదిలో పది పన్నెండు రోజులు మాత్రమే నడిచే యంత్రం అది. కానీ ఆ పది రోజుల్లో ఆగిపోతే మిగతా ఏడాదంతా దాని ఫలితం అనుభవించాలి.

ఇంజను గురించి, డీజిల్ ఖర్చు గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. దాన్ని విప్పి బిగించే పానాల (స్పానర్ల) గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఈ మండలంలో ఒక ఊరికి వెళ్ళినప్పుడు నేను చూసిన సంగతి ఇది. వాగు ఒడ్డున ఇంజనుకు ఎయిర్ పట్టింది. అది పావుగంటలో అయిపోయే పని. నోజుల్ పైపు నట్టు కొద్దిగా వదులు చేసి, హ్యాండిల్ తిప్పి, గాలి పోయాక బిగిస్తే చాలు. ఆ రైతు దగ్గర ఉన్నవి ఒక స్క్రూ పానా, ఒక కటింగ్ ప్లేయరు. స్క్రూ పానా రెండుసార్లు జారింది. మూడోసారికి నట్టు మూలలు పోయి గుండ్రమైంది. తర్వాత ప్లేయరుతో పట్టి తిప్పబోతే పైపే మెలిపడింది. కొత్త పైపు కోసం ఉట్నూరు వెళ్తే ఆ మోడల్ దొరకలేదు, ఇంకో చోటి నుంచి తెప్పించాల్సి వచ్చింది. నాలుగు రోజులు పోయాయి. అప్పటికే గూడ, పిందె రాలడం మొదలైంది. ఒక్క 17 నంబరు పానా ఉంటే ఆ నాలుగు రోజులు మిగిలేవి.

కాబట్టి పానాలు కొనేముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. పన్నెండు పానాల పెద్ద సెట్టు కొనడం ఒక్కటే మార్గం కాదు. మీ ఇంజనుకు పనికొచ్చే ఆరేడు సైజులు మంచి రకంవి ఉంటే సరిపోతుంది.

ముందు మీ ఇంజను కొలతలు తీసుకోండి

పానా మీద ఉండే నంబరు దాని నోటి వెడల్పు. 13 అని ఉంటే 13 మి.మీ. నోరు అని అర్థం. అది బోల్టు లావు కాదు. చాలామంది ఇక్కడే పొరబడి, షాపులో "ఎనిమిది ఎంఎం బోల్టుకు పానా ఇవ్వన్నా" అని అడిగి 8 నంబరు పానా తెచ్చుకుంటారు. 8 మి.మీ. లావున్న బోల్టు తలకు సాధారణంగా 13 పానా పడుతుంది. 6 మి.మీ. బోల్టుకు 10, 10 మి.మీ. బోల్టుకు 17, 12 మి.మీ. బోల్టుకు 19, 16 మి.మీ. బోల్టుకు 24 వస్తాయి. మన దేశంలో తయారైన 5 హెచ్.పి. సింగిల్ సిలిండర్ ఇంజన్లలో ఎక్కువగా కనిపించేవి ఈ సైజులే. కొత్త ప్రమాణం ప్రకారం చేసిన బోల్టుల్లో 10 మి.మీ. దానికి 16, 12 మి.మీ. దానికి 18 కూడా వస్తున్నాయి. జపాన్ పద్ధతిలో చేసిన తేలికపాటి ఇంజన్లు, పవర్ వీడర్లలో 8 మి.మీ. బోల్టుకు 12, 10 మి.మీ. దానికి 14 పడతాయి. అందుకే పక్క చేను రైతు సెట్టు చూసి అదే కొనడం సరికాదు. ఆయన ఇంజను వేరు, మీది వేరు.

కొలవడానికి వెర్నియర్ ఉంటే మంచిది. ప్లాస్టిక్‌వి తక్కువ ధరకే దొరుకుతాయి. నట్టు ఎదురెదురు పక్కల మధ్య దూరం కొలవాలి. మూల నుంచి మూలకు కొలిస్తే తప్పు వస్తుంది. కొలిచే ముందు నట్టు మీద పేరుకున్న గ్రీజు, మట్టి, పాత రంగు గోకేయండి. రంగు పొర వల్లే అర మి.మీ. తేడా రావచ్చు. వెర్నియర్ లేకపోతే తెలిసిన మెకానిక్ దగ్గర ఒక పూట పానాలు తీసుకుని ఒక్కో నట్టుకు పెట్టి చూసి కాగితం మీద రాసుకోండి. టాపెట్ మూత, ఫిల్టర్, నోజుల్ పైపు రెండు చివరలు, నోజుల్ క్లాంపు, హెడ్ నట్లు, ఇంజన్ ఆయిల్ డ్రైన్ బోల్టు, ఫౌండేషన్ బోల్టులు, పంపు గ్లాండు నట్లు... వీటిలో ఒక్కటి కూడా వదలొద్దు. గ్లాండు నట్టును చాలామంది మరిచిపోతారు. తీరా నీరు కారుతున్నప్పుడు పానా కోసం వెతుకుతారు.

పాత ఇంజను అయితే అంగుళాల చిక్కు

నెమ్మదిగా తిరిగే, రెండు పెద్ద చక్రాల పాత ఇంజన్లు ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఉన్నాయి. ఇవి ఇంగ్లండులోని లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన నమూనాకు నకళ్ళు. గుజరాత్‌లోని రాజ్‌కోట్ వీటి తయారీకి పేరు పడింది. మూల నమూనాలో బోల్టులన్నీ విట్‌వర్త్ కొలతవి. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1841లో ప్రతిపాదించిన మరల కొలత ఇది. మన దేశంలో 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చినా, ఈ ఇంజన్లలో పాత కొలత చాలాకాలం కొనసాగింది. మధ్యలో ఎవరో మెకానిక్ మెట్రిక్ బోల్టులు వేసి ఉంటే ఒకే ఇంజను మీద రెండు రకాలూ కనిపిస్తాయి.

విట్‌వర్త్ పానాతో ఒక తిరకాసు ఉంది. దాని మీద 3/8 అని, పక్కన డబ్ల్యూ అనే అక్షరం ఉంటే, ఆ 3/8 బోల్టు లావు. నోటి వెడల్పు 18 మి.మీ. పైచిలుకు. మామూలు అంగుళాల పానా మీద 3/8 అని ఉంటే అది నోటి వెడల్పే, అంటే తొమ్మిదిన్నర మి.మీ. రెండింటి మీదా అదే అంకె, నోరు మాత్రం ఒకదానిది ఇంకోదానికి రెట్టింపు. షాపులో "మూడు సూత్‌ల పానా" అని నోటి మాటగా అడిగితే ఏది చేతికి వస్తుందో చెప్పలేం. నట్టును జేబులో వేసుకుని వెళ్ళడం మేలు.

విట్‌వర్త్ నట్లకు మిల్లీమీటర్ పానాలు కొన్ని సరిపోతాయి, కొన్ని అసలు సరిపోవు. 7/16 నట్టుకు 21 పానా దాదాపు పడుతుంది. 3/8 నట్టుకు 18 పానా బిగుతుగా ఎక్కుతుంది, కొన్నిసార్లు ఎక్కదు. 1/4 నట్టు 13.3 మి.మీ. ఉంటుంది. 13 పానా దూరదు, 14 పెడితే ముప్పావు మి.మీ. వదులు. 5/16 నట్టు 15.2 మి.మీ. దీనికి 16 పెట్టినా అంతే వదులు. 1/2 నట్టు 23.4 మి.మీ. 24 పెడితే అర మి.మీ. పైన ఖాళీ మిగులుతుంది. ఈ ఖాళీలోనే నట్టు మూలలు పోతాయి. మీది ఇలాంటి ఇంజను అయితే ఈ మూడు సైజులకు మాత్రం అసలు విట్‌వర్త్ పానాలే తెప్పించుకోండి. పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర కూడా ఇవి దొరుకుతుంటాయి. నోరు తెరుచుకోని పాత పానా కొత్త నాసిరకం దానికంటే నయం.

ట్రాక్టరు ఉన్నవారికి ఒక మాట. మాసీ ఫెర్గూసన్ 35 కుటుంబానికి చెందిన పాత ట్రాక్టర్లలో అంగుళాల బోల్టులు ఉంటాయి. అక్కడ 3/4 నట్టుకు 19 పానా, 5/8 నట్టుకు 16 పానా వాడొచ్చు, తేడా వెంట్రుకవాసి. 9/16 నట్టు మాత్రం 14.3 మి.మీ. దీనికి 14 ఎక్కదు, 15 వదులు. 1/2 నట్టుకు 13 పెట్టొచ్చు గాని తుప్పు పట్టి బిర్రుగా ఉన్నదానికి పెట్టొద్దు.

రింగు పానా ఒకటి, ఫిక్స్ పానా ఒకటి

నోరు తెరిచి ఉండే ఫిక్స్ పానా నట్టును రెండు పక్కల మాత్రమే పట్టుకుంటుంది. బలమంతా రెండు మూలల మీద పడుతుంది. రింగు పానా చుట్టూ పట్టుకుంటుంది కాబట్టి ఆరు మూలలూ బరువు పంచుకుంటాయి. బిగుసుకుపోయిన నట్టును మొదటిసారి కదిలించడానికి, చివర్లో గట్టిగా బిగించడానికి ఎప్పుడూ రింగు పానాయే వాడాలి. మధ్యలో చకచకా తిప్పడానికి ఫిక్స్ పానా చాలు.

మరి ఫిక్స్ పానా ఎందుకు కొనాలి? రెండు కారణాలున్నాయి. డీజిల్ పైపు నట్టు మీదికి రింగు ఎక్కదు, పైపు అడ్డం వస్తుంది. అక్కడ ఫిక్స్ పానా తప్ప గతి లేదు. రెండోది, ఆరుపార బోల్టు విప్పేటప్పుడు ఒక పక్క తలను, ఇంకో పక్క నట్టును పట్టుకోవాలి. రెండూ 13 అయితే రెండు 13లు కావాలి. ఒకే సెట్టులో 12×13 పానా ఒక్కటే ఉంటుంది. అదే సైజుల్లో రింగు ఒకటి, ఫిక్స్ ఒకటి ఉంటే పని జరుగుతుంది. ఒక చివర రింగు, ఇంకో చివర నోరు ఉండే కాంబినేషన్ పానాలు కొంటే మాత్రం ముఖ్యమైన సైజుల్లో రెండేసి తీసుకోవాల్సి వస్తుంది.

మన దగ్గర దొరికే జతలు 10×11, 12×13, 14×15, 16×17, 18×19, 20×22, 24×27 ఇలా వస్తాయి. మెట్రిక్ ఇంజనుకు మొదట 10×11, 12×13, 16×17, 18×19 రింగు, ఫిక్స్ రెండింటిలోనూ తీసుకోండి. 20×22, 24×27 మాత్రం మీ కొలతల కాగితం చూసి, అవసరమైతేనే రింగులో తీసుకుంటే చాలు. షాపులో "అన్నా, పూర్తి సెట్టు తీసుకో, లెక్కకు తక్కువ పడుతుంది" అంటారు. లెక్కకు తక్కువే. కానీ అందులో ఉండే 6×7, 25×28, 30×32 మీ ఇంజను మీద ఎప్పుడూ వాడకపోవచ్చు. అదే డబ్బుతో అవసరమైన సైజులు మంచి రకంవి వస్తాయి.

ఫిక్స్ పానా నోరు కాడకు సూటిగా కాక కొంచెం వంకరగా, 15 డిగ్రీల వాలులో ఉంటుంది. అది తయారీ లోపం అనుకుంటారు కొందరు. ఇరుకు చోట పానా కొద్దిగా తిరిగి ఆగిపోతే, తీసి బోర్లించి మళ్ళీ పెట్టండి. ఇంకో 30 డిగ్రీలు తిరుగుతుంది. ఇలా బోర్లిస్తూ పోతే చెయ్యి దూరని చోట కూడా నట్టు ఊడి వస్తుంది. ఇంజనుకు, గోడకు మధ్య జానెడు జాగా కూడా లేని షెడ్లలో ఇదే దారి.

పైపు నట్ల కోసం ప్రత్యేకంగా ఒక పానా ఉంది. రింగు పానాకు ఒక పక్క చీలిక పెట్టినట్టుంటుంది. పైపు ఆ చీలికలోంచి దూరిపోతుంది, తర్వాత నట్టును ఐదు పక్కల పట్టుకుంటుంది. పెద్ద ఊళ్ళలో అడిగితే దొరుకుతుంది. నా అభిప్రాయంలో ఆయిల్ ఇంజను రైతు మొదట కొనాల్సింది ఇదే. చాలా ఇంజన్లలో నోజుల్ పైపు నట్టు 17 లేదా 19 ఉంటుంది. మీది కొలిచి ఆ సైజు తీసుకోండి.

గోటి పానా (సాకెట్) హెడ్ నట్లకు బాగుంటుంది. పన్నెండు గాళ్ళదానికంటే ఆరు గాళ్ళది మేలు, మూలలు అరిగిన నట్టును కూడా పట్టుకుంటుంది. స్క్రూ పానా ఇంట్లో ఉంటే ఉండనివ్వండి, కొళాయిలకు పనికొస్తుంది. ఇంజను మీద తప్పనిసరై వాడాల్సి వస్తే నట్టుకు ఖాళీ లేకుండా బిగించి, కదలని దవడ మీద బరువు పడేలా లాగాలి. కదిలే దవడ మీద బరువు పడితే అది తెరుచుకుంటుంది. పైపు రెంచి పైపులకే. దాని పళ్ళు నట్టు మీద ఒక్కసారి పడితే ఆ నట్టుకు మళ్ళీ ఏ పానా సరిగ్గా పట్టదు.

మంచి పానాను గుర్తించడం

సంతలో కుప్పగా పోసి అమ్మే పానాలు చూడటానికి తళతళలాడతాయి. మొదటి బిర్రు నట్టుకే నోరు తెరుచుకుంటాయి. తెరుచుకున్న పానా తర్వాత ప్రతి నట్టునూ పాడుచేస్తుంది, కాబట్టి నష్టం పానా ధరతో ఆగదు. కొనేటప్పుడు సైజు లోతుగా, స్పష్టంగా ముద్రించి ఉందా చూడండి. క్రోమ్ వెనేడియం ఉక్కు అని, తయారీదారు పేరు ఉండాలి. ఫిక్స్ పానాలకు ఐ.ఎస్. 2028, రింగు పానాలకు ఐ.ఎస్. 2029 అనే భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. పెట్టె మీద ఆ అంకె ఉందేమో అడిగి చూడండి. నోటి లోపలి పక్కలు రెండూ సమాంతరంగా, నున్నగా ఉండాలి. గరుకుగా, పోత పోసిన గీతతో ఉంటే వదిలేయండి. తీసుకెళ్ళిన నట్టు మీద పెట్టి ఊపితే టకటకమని ఆడకూడదు.

బిగించేటప్పుడు

చిన్న పానాకు కాడ పొట్టిగా, పెద్దదానికి పొడుగ్గా ఉంటుంది. ఏ బోల్టుకు ఎంత బలం కావాలో చూసి పెట్టిన పొడవు అది. 10 పానాకు ఇనుప పైపు తొడిగి తిప్పితే బోల్టు తల తెగి మర లోపలే ఉండిపోతుంది. అల్యూమినియం మూతల్లో అయితే మరలే ఊడి వస్తాయి.

ఎప్పుడూ పానాను మీ వైపు లాగండి. తోస్తే, జారినప్పుడు పిడికిలి వెళ్ళి ఫిన్నులకు తగులుతుంది. తోయక తప్పని చోట పిడికిలి బిగించకుండా అరచేత్తో తోయండి.

హెడ్ ప్యాకింగ్ మార్చినప్పుడు నట్లను వరసగా బిగించకూడదు. ఒకటి బిగించాక దాని ఎదురుగా ఉన్నదాన్ని బిగించాలి, ఇలా మూడు విడతలుగా కొంచెం కొంచెం పెంచుతూ పోవాలి. ఎంత బలంతో బిగించాలో ఇంజను పుస్తకంలో కిలోగ్రాం-మీటర్లలో గాని న్యూటన్-మీటర్లలో గాని ఉంటుంది. 10 న్యూటన్-మీటర్లు ఇంచుమించు ఒక కిలోగ్రాం-మీటరు. దీన్ని చూపించే టార్క్ పానా ఖరీదు ఎక్కువ, ఒక్క ఇంజను కోసం కొనమని చెప్పను. పత్తి తూచే కొక్కెం కాటా మీ ఇంట్లో ఉంటే దానితోనే పని జరుగుతుంది. నట్టు మధ్య నుంచి పానా కాడ మీద 30 సెంటీమీటర్ల దూరంలో గుర్తు పెట్టి, అక్కడ తాడు కట్టి కాటా కొక్కెం తగిలించి, పానాకు అడ్డంగా (లంబంగా) లాగండి. కాటా 10 కిలోలు చూపితే నట్టు మీద 3 కిలోగ్రాం-మీటర్ల బలం పడినట్టు. పుస్తకం 6 అంటే 20 కిలోలు చూపే వరకు లాగాలి. పానా పొట్టిదై 20 సెంటీమీటర్ల దగ్గరే కట్టాల్సి వస్తే 6 కోసం 30 కిలోలు. దూరాన్ని మీటర్లలోకి మార్చి కిలోలతో గుణించడమే లెక్క. ఏలాడుతూ లాగొద్దు, నెమ్మదిగా లాగి ముల్లు అక్కడికి రాగానే ఆపాలి.

మిగతా చోట్ల ఒక అంచనా కోసం: తల మీద 8.8 అని ముద్ర ఉన్న ఉక్కు బోల్టు ఇనుములో బిగిస్తుంటే 6 మి.మీ. దానికి సుమారు 1, 8 మి.మీ. దానికి రెండున్నర, 10 మి.మీ. దానికి 5 కిలోగ్రాం-మీటర్లు సరిపోతాయి. అల్యూమినియంలో దీనికంటే తగ్గించాలి. హెడ్ నట్లకు, కనెక్టింగ్ రాడ్ బోల్టులకు మాత్రం అంచనాలు వద్దు, పుస్తకంలో ఉన్నదే పాటించాలి. పుస్తకం పోయి ఉంటే మోడల్ నంబరు చెప్పి డీలరును అడగండి.

నోజుల్ పైపు దగ్గర జాగ్రత్త

ఎయిర్ తీసే పద్ధతి ఇది. ట్యాంకు కాక్ తెరిచి, ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేయాలి. బుడగలు ఆగి డీజిల్ ధారగా రాగానే బిగించాలి. తర్వాత పంపు మీది స్క్రూ దగ్గర కూడా అలాగే. చివరగా నోజుల్ వైపు పైపు నట్టును ఒక్క చుట్టు వదులు చేసి, హ్యాండిల్ తిప్పి, డీజిల్ రాగానే బిగించాలి. పైపు నట్టును పంపు వైపు విప్పేటప్పుడు ఒక పానాతో పంపు మీది పెద్ద హోల్డరును కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో నట్టు తిప్పండి. పట్టుకోకపోతే నట్టుతో పాటు హోల్డరు కూడా తిరుగుతుంది. తర్వాత అక్కడ డీజిల్ కారడం మొదలవుతుంది, అది ఇంట్లో బాగయ్యే పని కాదు. రాగి వాషర్లు పడిపోకుండా చూసుకోండి.

ఇంజను తిరుగుతుండగా పైపు నట్టు దగ్గర డీజిల్ చిమ్ముతుంటే వేలు పెట్టి చూడొద్దు. ఇంజను ఆపాకే పానా పెట్టాలి. నోజుల్ సుమారు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. ట్రాక్టరు వెనక టైరులో గాలి ఒత్తిడి సాధారణంగా రెండు బార్ల లోపే ఉంటుంది, దానితో పోల్చి చూసుకోండి. నోజుల్ బయటికి తీసి స్ప్రే ఎలా పడుతుందో చూసేటప్పుడు ముందు చెయ్యి అడ్డం పెట్టడం చాలా ప్రమాదం. ఆ డీజిల్ సన్నని సూదిలా చర్మంలోకి దూరిపోతుంది. పైన ముల్లు గుచ్చుకున్నంత గుర్తే ఉంటుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల మాత్రం కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఆలస్యమైతే వేలు, కొన్నిసార్లు చెయ్యి తీసేయాల్సి వస్తుంది. పసుపు పెట్టి కట్టు కట్టి ఊరుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి. "ముల్లు దిగింది" అనకుండా, "ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయింది" అని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి, సౌకర్యం లేని చోట సమయం పోనివ్వకుండా ఆదిలాబాద్ రిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రికి పంపమని అడగండి.

మెడలో రుమాలు, వదులు చొక్కా, చీర కొంగు తిరిగే చక్రానికి దగ్గరగా ఉండకూడదు. ఇంజను స్టార్టు చేసే ముందు చక్రం మీద, బెల్టు మీద పానా మరిచిపోలేదు కదా అని చూసుకోండి.

బిగుసుకుపోయిన నట్టు

వానాకాలమంతా వాగు ఒడ్డున తడిసిన ఇంజను మీద ఇది తప్పదు. తుప్పు వదిలించే స్ప్రే ఉంటే కొట్టండి, లేకపోతే కిరోసిన్ గాని డీజిల్ గాని కొద్దిగా ఇంజన్ ఆయిల్ కలిపి పోసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున చిన్న సుత్తితో నట్టు మీద నాలుగు పక్కలా మెల్లగా తట్టండి. మొదట విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక వెంట్రుక కదిలించి, తర్వాత విప్పండి. తుప్పు పొర విరిగి కదులుతుంది. రింగు పానా తప్ప వేరేది పెట్టొద్దు. అయినా రాకపోతే బలం పెంచకుండా మెకానిక్‌ను పిలవండి. మూలలు పోయిన నట్టును తీయడం ఆయనకు కూడా కష్టమే, మూలలున్న నట్టు సులువు.

సముద్రంలో తెరచాప పడవల మీద తిరిగేవాళ్ళకు కూడా ఇదే సమస్య ఉంటుంది. గాలి లేనప్పుడు పడవ నడపడానికి వాళ్ళు ఒక చిన్న డీజిల్ ఇంజను పెట్టుకుంటారు. చుట్టూ ఉప్పునీరు, చెయ్యి దూరని ఇరుకు గది, పిలిస్తే వచ్చే మెకానిక్ లేడు. అందుకే ఒడ్డు వదలక ముందే తమ ఇంజనుకు పడే పానాలేవో చూసుకుని వెంట పెట్టుకుంటారు. వర్షాకాలంలో వాగు పొంగి దారి తెగిపోయే ఊళ్ళకూ, ఆ పడవకూ ఈ విషయంలో పెద్ద తేడా కనిపించదు నాకు.

పానాలు దాచుకోవడం

వాడాక డీజిల్ గుడ్డతో తుడిచి, ఇంజన్ ఆయిల్ చుక్క రాసి పెట్టండి. గోనె సంచిలో చుట్టొద్దు, గోనె తేమ పీలుస్తుంది, నెలలో తుప్పు పడతాయి. పాత జీన్సు ప్యాంటు కాలు కోసి, ఒక్కో పానాకు ఒక్కో అర కుట్టించి చుట్టలా చుట్టుకుంటే బాగుంటుంది. ఏది లేదో విప్పగానే తెలుస్తుంది. కాడలకు ఎర్ర రంగు గాని పసుపు రంగు గాని పూయండి, నల్లరేగడి బురదలో పడినా కనిపిస్తాయి. నోటికి మాత్రం రంగు అంటకూడదు.

కొలతల కాగితాన్ని ఇంటి చూరులో దోపడం కంటే, ఇంజను షెడ్డు తలుపు లోపలి వైపు పెయింటుతో రాసుకోవడం మంచిది: నోజుల్ పైపు ఇంత, డ్రైన్ బోల్టు ఇంత, గ్లాండు ఇంత అని. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో పిల్లలకు కూడా పంపి ఉంచండి. మీరు చేనులో ఉండి, ఎవరో ఉట్నూరు బస్సు ఎక్కుతుంటే, ఏ సైజు తేవాలో చెప్పడానికి పనికొస్తుంది.